ఎదురు రాకూడని దారి

మా కాలనీ వెనక గుట్ట చుట్టూ నడక దారి వేసింది మేమే, చంద్రగిరి కోటవైపు చీలిపోయే కాలిబాటతో సహా. ఆదివారాలు ఇంటికొకరం గడ్డపారలు, మచ్చుకత్తులు పట్టుకుని పోయేవాళ్లం. వాననీళ్లు దారిని కోసుకుపోకుండా ఏటవాలుగా రాళ్లు పేర్చడం మా ఆయన పని. అడ్డొచ్చే ముళ్లకంప కొట్టడం నాది. దారి ఒకసారి వేస్తే అయిపోదు. కాస్త ఏమరితే కంప మళ్లీ కాళ్లకు తగులుతుంది.

ఆయన గుండెపోటుతో పోయాక కొన్నాళ్లు నేను గడప దాటలేదు. తర్వాత మళ్లీ కత్తి పట్టుకుని పోయాను. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కేలా ఉండేది. ఆ దారిలో, ఆయన పేర్చిన రాళ్ల మధ్య, కాస్త ఊపిరి ఆడేది. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

అందరికంటే ముందే పోయి కంప కొట్టి వెనక్కి వస్తుంటే, నడిచేవాళ్లంతా నాకు ఎదురయ్యేవారు. మొగుడు పోయిన ఆడది పొద్దున్నే ఎదురొస్తే పని చెడుతుందని మావాళ్ల నమ్మకం. కాళ్లకు బూట్లు, చేతికి అడుగులు లెక్కపెట్టే గడియారాలు వచ్చాయి గానీ ఆ నమ్మకం పోలేదు. కొందరు ఫోన్ చూసుకునేవారు. కొందరు గుట్ట పైకి చూసేవారు, అక్కడేదో చిరుతపులి కూర్చున్నట్టు.

కొద్ది రోజులకే దారి మొదట్లో బోర్డు వెలిసింది: అందరూ కుడివైపు నుంచి మొదలుపెట్టి ఒకే దిక్కున నడవాలని. మా నడక సంఘం పెద్ద ఒక రిటైరైన హెడ్‌మాస్టరు. రద్దీ ఎక్కువైందని నాకు చాలా మర్యాదగా చెప్పాడు. రద్దీ అట, తిరుమల క్యూ అనుకున్నాడు కాబోలు. అందరూ ఒకే దిక్కున నడిస్తే నా మొహం ఎవరికీ కనపడదు, వీపు మాత్రమే కనపడుతుంది. వీపుకు దోషం లేదు. నాకు అర్థమైందని ఆయనకూ అర్థమైంది.

అయినా నోరు మూసుకుని కుడివైపు నుంచే నడిచాను. ఆ దారి కూడా పోతే నాకింకేముంది?

ఇంతలో పెద్ద వాన పడి, ఎడమవైపు మొదట్లోనే దారి అంచు తెగిపోయింది. దానికోసం గుట్టంతా చుట్టి రావాలా? గంపలో రాళ్లు వేసుకుని ఎడమవైపే పోయాను. సగం పేర్చేసరికి, చుట్టు ముగించుకుని మా పక్కింటామె వచ్చింది. ఒకప్పుడు మా ఆయనకు రాళ్లు అందించిన మనిషే. నన్ను చూసి దూరంగానే ఆగిపోయింది.

"అక్కా, ఈ పొద్దు మా ఆయన్ని ఆపరేషనుకు వేలూరికి తీసకపోతా ఉండాము. నేను దాటిపొయ్యేదాంకా ఆ గుంతలో నిలబడు. నీకు దండం పెడతా."

నిలబడ్డాను. తెగిన అంచు కిందికి దిగి బురదలో, మొహం తిప్పుకుని నిలబడ్డాను. ఆమె నేను పేర్చిన రాళ్ల మీదే కాళ్లు పెట్టి దాటింది. దాటి, పక్కన బండ మీద కూర్చుని సీసాలో నీళ్లు తాగింది. చెడ్డ ఎదురు తగిలితే కాసేపు అలా కూర్చుని, నీళ్లు తాగి లేస్తే దోషం పోతుందట. నేను వింటుండగానే గుటకలు వేసింది.

ఆమె పోయాక ఆ రాళ్లన్నీ పీకి గుంతలోకి దొర్లించాను. మా ఆయన పెట్టినవి కూడా. నాకు ఏడుపు రాలేదు, హాయిగా అనిపించింది.

మళ్లీ పోలేదు. వానాకాలం అయ్యేసరికి కంప దారిని మూసేసింది. ఎవరో జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నారని విన్నాను. జాలి కలగలేదు.

ఒకరోజు తెల్లారేసరికి హెడ్‌మాస్టరు మా గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. నువ్వు రాకుంటే దారి యాడుండాదో కూడా తెలీకుండా పోతా ఉండాదమ్మా అన్నాడు. బోర్డు తీసేస్తామని మాత్రం అనలేదు.

"పొద్దున్నే నా మొగమే సూసినారే సార్," అన్నాను. "కూసోండి. కాసేపు కూసోని, నీళ్లు తాగి పోండి."

ఆయన నిజంగానే మెట్టు మీద కూర్చున్నాడు. నీళ్లు అడగడానికి నోరు రాలేదు. నేనూ తేలేదు.