అగ్గిపుల్ల వెలిగేదాకా

"డబ్బు పుచ్చుకుని చీకటి తీసిస్తావా?"

నాటక సమాజం కార్యదర్శి ఫోన్లో వేసిన ప్రశ్న ఇది. ఆ ప్రశ్న వేయించుకున్న ఆవిడని బజారంతా వీడియో వదిన అంటుంది. అలా పిలవడం మొదలుపెట్టింది మరిది. ఇప్పుడు ఆవిడ వీడియో కొట్టుకి ఎదురుగా తాళాలు బాగుచేసే ముసలాయనకి కూడా ఆవిడ వదినే.

"అక్కడ చీకటే ఉందండీ," అంది వదిన, ఫోను చెవికి కాస్త ఎడంగా పట్టుకుని.

సమాజంలో అందరూ మాస్టారనే పెద్ద నటుడు ఇక వేషం కట్టనని చెప్పి ఆఖరిసారి ఆడిన నాటకం అది. చివరి రంగంలో కరెంటు పోయిన గదిలో ఒక కాపలాదారు చనిపోయిన భార్యతో మాట్లాడుకుంటాడు. మూలన ఒక నీలం బల్బు తప్ప దీపం లేదు. ఆమె ఫొటో చూద్దామని అగ్గిపుల్ల గీస్తాడు. ఆ వెలుగులో అతని మొహం కనపడుతుంది, పుల్ల ఆరిపోతుంది, తెర పడుతుంది. అంతే నాటకం. ఆదివారం సన్మానసభలో వదిన తీసిన ఆ నాటకం వీడియో వెయ్యాలి. చీకటి భాగాన్ని వెలుగు చేసిస్తేనే మిగతా డబ్బని కార్యదర్శి పట్టు.

కంప్యూటర్లో పెట్టి వెలుగు ఎత్తొచ్చు. వదిన ఆ మాట దాచలేదు. "ఎత్తొచ్చండీ. ఎత్తను," అంది.

ఈ మొండితనం పుట్టుకతో వచ్చిందేం కాదు. సొంతంగా తీసిన మొదటి వీడియో ఒక పాటల పోటీది. అన్నీ కెమెరాకే వదిలేసి ఆటో మోడులో తీసింది. ట్యూబులైట్లకీ షట్టరు వేగానికీ పొత్తు కుదరక, పాడుతున్న ప్రతివాళ్ల మొహం మీదా నల్లటి పట్టీలు పాకుతూ పోయాయి. అడ్వాన్సు తిరిగిచ్చేసింది. ఆరోజే ఆటో బటను మీద, వేలు తెగితే వేసుకునే బ్యాండేజీ అంటించింది. అప్పట్నుంచీ ఏ కెమెరా కొన్నా ముందు దానికి కట్టు కట్టాల్సిందే.

కొనడంలోనూ అదే వరస. పిక్సెళ్ల సంఖ్య ఎక్కువున్న కొత్తది కొనమని ఊళ్లో అందరూ చెప్పారు. ఆవిడ వెలుగు పట్టే సెన్సారు పెద్దదిగా ఉన్న పాతది కొంది. సెన్సారు చిన్నదై పిక్సెళ్లు పెరిగితే ఒక్కోటీ ఉగ్గుగిన్నె అయిపోతుంది, దాంట్లో ఎంత వెలుగు పడుతుందీ అని ఆవిడ వాదన. ఆపైన కెమెరా కంటే ఎక్కువ పోసి లెన్సు తెచ్చింది. అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గిన్నె కంటే మూత ఖరీదా తల్లీ?" అంది. ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

సెకనుకి ఎంత డేటా రాయాలనే రికార్డింగు రేటు దగ్గరా పిసినారితనం లేదు. ఫైలు చిన్నదవ్వాలని రేటు తగ్గిస్తే కెమెరా మొదట చీకటికే కోత పెడుతుంది. నల్లగా ఉండాల్సిన గోడ పగిలిన పెంకుల్లా గళ్లుగళ్లుగా విడిపోతుంది. అందుకని నాటకాన్ని పూర్తి రేటులో తీసింది. "కార్డులు అప్పడాల్లా నమిలేస్తున్నావు వదినా," అని మరిది గొణిగాడు.

అసలు తంటా మరిదితోనే వచ్చింది. నాటకం రోజు హాలు మేడ మీద రెండో కెమెరా అతనిది. బ్యాండేజీ వేలికి జిగురంటుతోందని పీకేశాడు. ఆటో బటను నొక్కుకుపోయింది. తన వీడియోలో ఆ రంగం పట్టపగల్లా ఉండటం చూసి పొంగిపోయాడు, ఆ సంగతి కార్యదర్శి చెవిన వేసేదాకా నోరు ఊరుకోలేదు. ఫోను చేసిన మర్నాడు పొద్దున్నే కార్యదర్శి మాస్టారిని వెంటబెట్టుకుని కొట్టుకి వచ్చాడు.

వదిన ముందు మరిది తీసినదే పెట్టింది. గదంతా కనిపిస్తోంది. గోడ మీద ఇసుక పాకుతున్నట్టుంది. పక్కన తెరచాటున ఎవరో సీసా ఎత్తి నీళ్లు తాగడం కూడా కనిపిస్తోంది. మాస్టారు అగ్గిపుల్ల గీశారు. మొహం ఉండాల్సిన చోట తెల్లటి చిల్లు పడింది. కెమెరా కంగారుపడి వెలుగు తగ్గించుకునేసరికి పుల్ల ఆరిపోయింది.

తర్వాత తనది పెట్టింది. చీకటి, గొంతు, పుల్ల. గడ్డం కింద బ్లేడు గీరిన గాటుతో సహా మొహం.

"ఇంకోసారి పెట్టమ్మా," అన్నారు మాస్టారు. చూసి, "అక్కడ నేనెలా ఉంటానో నాకే తెలీదు," అన్నారు.

కార్యదర్శి కూడా మూర్ఖుడేం కాదు. పుల్ల గీసేదాకా మరిదిదీ, అక్కణ్ణుంచి వదినదీ కలిపి అతికించమన్నాడు. లేకపోతే కరెంటు పోయిందనుకుని జనం లేచిపోతారని అతని భయం. మరిదికి అది బ్రహ్మాండమైన ఆలోచనగా తోచింది.

"చీకట్లో కూర్చోబెట్టకుండా పుల్ల గీస్తే, సిగరెట్టు ముట్టించుకున్నట్టే ఉంటుంది," అంది వదిన. "అతుకుల బొంత నా కొట్లోంచి బయటికి రాదు."

"అయితే డబ్బు మాట మర్చిపో."

వదిన తన వీడియో ఉన్న కార్డు తీసి కార్యదర్శి చేతికి కాదు, మాస్టారి చేతికిచ్చింది. ఆయన దాన్ని జేబులో వేసుకుని, మరిది కెమెరా వైపు కన్నెత్తి చూడకుండా లేచారు.

ఆదివారం ఆ కార్డే వేయించారాయన. చీకటి పడగానే ఎవరో "కరెంటు పోయిందిరోయ్" అన్నారు. ముందు వరసలో ఒకాయన ఫోన్ టార్చి వేశాడు. హాలంతా స్తంభించిపోయిందంటే అబద్ధం, వెనక ఒకరు దగ్గుతూనే ఉన్నారు. పుల్ల వెలగక ముందే మాత్రం, ఎవరూ చెప్పకుండానే, ఆ టార్చి ఆరింది. గుమ్మం దగ్గర నిలబడ్డ వదిన చూసింది అదొక్కటే.

తర్వాత కార్యదర్శి మైకు పుచ్చుకుని, ఇంత చక్కటి వీడియో తీయించింది తమ సమాజమేనని చెప్పుకున్నాడు. బజారులో ఇప్పుడావిణ్ణి చీకటి వదిన అంటున్నారు. ఆవిడ పలుకుతోంది. రెండో కెమెరాకి కొత్త బ్యాండేజీ పడింది, ఈసారి రెండు పొరలు.

సమాజం దగ్గర్నుంచి రావాల్సిన తొమ్మిది వేలు ఇంకా రాలేదు.