వదిన బాడీ సిద్ధంగా ఉంది

ఆ వీధి ఆడవాళ్ళందరికీ ఆవిడ టేపత్తయ్య. నిద్ర లేచింది మొదలు మెడలో కొలతల టేపు ఉండాల్సిందే. ఆవిడది ఆడవాళ్ళ లోదుస్తుల కొట్టు. ముందు గదిలో కోడలు తయారుగా వచ్చిన సరుకు అమ్ముతుంది. వెనక గదిలో, పరదా చాటున, ఒక కుట్టుమిషనూ నిలువుటద్దమూ పెట్టుకుని టేపత్తయ్య కొలతలు తీస్తుంది. అట్టపెట్టెల్లో దొరికేవి ఒంటికి అమరనివాళ్ళకు తనే కుట్టి ఇస్తుంది. కోడలు చక్కగా "బ్రా" అంటుంది. టేపత్తయ్య మాత్రం "బాడీ" అనే అంటుంది. చిన్నప్పటినుంచీ దాని పేరు అదే, ఇప్పుడు మార్చుకోవాల్సిన అవసరం ఆవిడకేమీ కనిపించలేదు.

మనిషి బంగారం. నోటికే తాళం లేదు. కొడుకు పెళ్ళి కుదిరాక రెండు కుటుంబాలూ మొదటిసారి ఒక గదిలో కూర్చున్న రోజున ఆ నోరే కొంప ముంచింది. కాబోయే వియ్యపురాలు మాటిమాటికీ భుజం మీద పట్టీ సర్దుకుంటోంది. టేపత్తయ్య కాసేపు చూసింది, ఇక ఉండబట్టలేకపోయింది.

"వదినా, మీ బాడీ మీ కొలత కాదు. వీపు మీద పైకెక్కిపోయింది. అందుకే బరువంతా భుజాల మీద పడుతోంది. ఒకసారి మా కొట్టుకి రండి."

గదిలో మగవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఒకడికి టీ తాగుతుంటే పొలమారింది కూడా. వియ్యపురాలికి తల కొట్టేసినట్టయింది. పెళ్ళయితే జరిగింది గానీ, ఆవిడ ఆ తరవాత కొట్టు గడప తొక్కలేదు, ఇంటికీ రాలేదు. కొట్టు పనితో పుట్టింటికి వెళ్ళే తీరిక దొరకని కోడలు తల్లిని చూడాలంటే ఆవిడ పనిచేసే లాండ్రీకి వెళ్ళి, ఇస్త్రీ బల్ల పక్కన నిలబడి నాలుగు మాటలు మాట్లాడి రావాల్సిందే. అలా వెళ్ళొచ్చిన ప్రతిసారీ ఆ పిల్ల ముఖం చిన్నబోయి ఉండేది. అది చూసినప్పుడల్లా టేపత్తయ్యకు ముద్ద దిగేది కాదు. అన్నది అబద్ధమైతే క్షమించమని అడిగేసేది. నిజమాయె!

అలాంటిది, ఒక మధ్యాహ్నం వియ్యపురాలే కొట్టు ముందు నిలబడింది.

"మా అమ్మాయి లేదు కదా?"

"సరుకు తేవడానికి వెళ్ళింది. రండి వదినా, లోపలికి రండి."

"చెయ్యి పైకి లేవడంలేదండీ. ఇస్త్రీ పెట్టె పట్టుకుంటే మెడ దాకా లాగేస్తోంది. డాక్టరమ్మ కూడా మీరన్న మాటే అంది." ఆవిడ గోడకేసి చూస్తూ చెప్పింది. "ఇక్కడికి వచ్చానని అమ్మాయికి తెలియనివ్వకండి."

పరదా వెనక టేపత్తయ్య ఆవిడ భుజాలు చూసింది. పట్టీలు ఒరుసుకున్న చోట ఎర్రగా గాట్లు పడి ఉన్నాయి. "నేను ఆనాడే చెప్పలేదూ" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించి దాన్ని మింగేసింది. అంత కష్టమైన పని ఆవిడ ఈమధ్య చేసి ఎరగదు.

రొమ్ము కింద చుట్టూ ఒకసారి, రొమ్ము మీదుగా ఒకసారి టేపు పెట్టింది. "బరువు మొయ్యాల్సింది కింది పట్టీ వదినా, భుజాలు కాదు. దాని కింద రెండు వేళ్ళు దూరాలి, మూడోది దూరకూడదు. చేతులెత్తితే వీపు మీద కదలకూడదు. రేపటికి కొత్తది కుట్టి ఇస్తాను, మొదట్లో చివరి కొక్కెంలో పెట్టుకోండి. సాగేకొద్దీ లోపలికి జరుపుకోవచ్చు. ఒకటే రోజూ వెయ్యకండి, దానికీ కాస్త విశ్రాంతి కావాలి. చల్లటి నీళ్ళలో చేత్తో ఉతకండి, మెలితిప్పి పిండకండి, నీడలో ఆరేయండి. ఇంకొక్క మాట. దీన్ని మాత్రం ఇస్త్రీ చెయ్యకండి!"

వియ్యపురాలు నవ్వు ఆపుకోబోయింది, కుదరలేదు. మరునాడు పని అయ్యాక వచ్చి తీసుకుంటానని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ నవ్వు చూశాక టేపత్తయ్యకు కాలు నిలవలేదు. మెత్తటి నూలుగుడ్డ ఏరి, పట్టీలు వెడల్పు చేసి, మరునాడు పొద్దున్నకల్లా కుట్టేసింది. కోడలు మళ్ళీ ఏదో పనిమీద బయటికి వెళ్ళింది. ఆ పిల్ల తిరిగొచ్చేలోగా దీన్ని దాటించేస్తే ఇచ్చిన మాట నిలబడుతుంది కదా అనుకుని వియ్యపురాలి ఇంటికి ఫోను చేసింది. ఎత్తినవాడు వియ్యంకుడు. ఆయన పదవీ విరమణ దాకా ఆసుపత్రి గేటు దగ్గర కాపలా ఉద్యోగం చేసినవాడు. ఎవరితోనూ అట్టే మాట్లాడడు, భార్యతో మరీ తక్కువ.

"అన్నయ్యగారూ, వదిన బాడీ సిద్ధంగా ఉంది. మా కొట్టుకొచ్చి తీసుకెళ్ళండి. పాపం, ఇన్నాళ్ళూ ఎంత బాధపడిందో! ఇక ఆ నొప్పి ఉండదు లెండి. అమ్మాయికి ఇంకా చెప్పలేదు, త్వరగా రండి."

మగవాడితో ఇంతకంటే వివరం బాగుండదని ఫోను పెట్టేసింది.

కాసేపటికి వియ్యంకుడు వచ్చాడు. కాళ్ళకు చెప్పుల్లేవు, చొక్కా గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకున్నాడు. గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఎక్కడుందమ్మా? ఒక్కసారి చూడనివ్వండి."

టేపత్తయ్య సిగ్గుతో సగమైంది. "మీరు చూసేదేముందండీ" అంటూ కాగితం పొట్లం ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఆ పొట్లం వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు.

"ఇంతేనా?" అని భోరుమన్నాడు.

సరిగ్గా అప్పుడే కోడలు వచ్చింది. "నాన్నా, ఏమైంది?" అంటే ఆయన "మీ అమ్మ, మీ అమ్మ" అనడం తప్ప ఇంకేమీ చెప్పలేకపోతున్నాడు. ఆ పిల్లా గొల్లుమంది. ఆసుపత్రి గేటు దగ్గర బతుకంతా గడిపిన మనిషికి బాడీ అంటే ఏమిటో టేపత్తయ్యకు అప్పుడు తట్టింది. చెప్పబోతే, జీవితంలో మొదటిసారి ఆ నోరు తెరుచుకోలేదు.

వగరుస్తూ వియ్యపురాలు లోపలికి వచ్చింది. మొగుడు చెప్పుల్లేకుండా ఏడుస్తూ లాండ్రీ ముందునుంచి పరుగెత్తుతుంటే చూసి, ఇస్త్రీ పెట్టె అక్కడే వదిలేసి వెనకాలే వచ్చింది. ఆయన లేచి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇక వదలడు.

"ఏమిటండీ ఇది, నలుగురూ చూస్తున్నారు!"

"చూడనీవే. ఉన్నావు కదా. అంతే చాలు."

టేపత్తయ్య జరిగింది జరిగినట్టు చెప్పింది, ఫోనులో అన్న ఒక్కో మాటా. మొదటిసారి నలుగురిలో నవ్వులపాలు చేసింది, ఈసారి ఏకంగా మనిషినే చంపేసింది. ఇక ఈ జన్మలో వియ్యపురాలు ఈ గడప తొక్కదు, కోడలు ఇస్త్రీ బల్ల పక్కన నిలబడే తల్లిని చూసుకోవాలి. కోడలి చూపు చూడగానే టేపత్తయ్య తల దించేసుకుంది.

"వదినా," అంది వియ్యపురాలు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. "నేను పోతే ఈయన ఏడుస్తాడా అని పెళ్ళయిన దగ్గర్నుంచీ నాకో అనుమానం. ఎవరినడుగుతాను? ఈయన్నడిగితే చెప్పే మనిషా? మీ పుణ్యమా అని బతికుండగానే చూశాను."

భర్త చేతుల్లోంచి ఒక చెయ్యి మెల్లగా విడిపించుకుని పొట్లం అందుకుంది. "పదవే అమ్మాయ్, వేసుకుని చూస్తాను, కొక్కేలు నువ్వు పెడుదువుగాని" అని కూతుర్ని వెంటబెట్టుకుని పరదా వెనక్కి వెళ్ళింది.