చక్రాల మీద తెల్ల మరకలు

ఒక బరువును ఇన్నేళ్లూ ఎవరికీ తెలియకుండా మోశాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

విజయనగరంలో మా తమ్ముడు సన్నిబాబుకు కార్లు కడిగే షెడ్డు ఉండేది. మేం కారు కొన్నాక మా ఆయన ప్రాణమంతా దాని మీదే. బ్రేకుల నుంచి రాలే నల్లపొడి చక్రాలకు పట్టేసి, ఎంత రుద్దినా వదిలేది కాదు. "ఇంట్లోనే ఉంటావు, చక్రాలైనా తుడవలేవా?" అని ఒకరోజు ఆయన విసుక్కున్నారు. ఆ మాట గుచ్చుకుంది. మధ్యాహ్నం ఆయన పడుకున్నప్పుడు బాత్రూం కడిగే యాసిడ్ తెచ్చి నాలుగు చక్రాల మీదా పోశాను. బుసబుసా పొంగింది. నలుపు పోయింది. నీళ్లు కొట్టి మురిసిపోయాను. తడి ఆరకముందే ఆయన లేచి, హడావుడిగా కారును తమ్ముడి దగ్గరకు కడిగించడానికి తీసుకెళ్లారు.

కారు తిరిగొచ్చి ఎండలో ఆరింది. చక్రాల నిండా తెల్ల మరకలు. ఆయన తమ్ముణ్ని పిలిపించి వీధిలోనే నిలదీశారు.

"ఏటి పూసినావురా దీనికి?"

తమ్ముడు వంగి మరకను వేలితో తడిమాడు. "కొత్త సబ్బు తెచ్చినాను బావా. అదే తినీసినట్టుంది. తప్పు నాదే."

నేను గుమ్మంలోనే ఉన్నాను. ఎందుకు మాట్లాడలేదు? భయమా? వాడే ఒప్పేసుకున్నాడు, ఇప్పుడు నేను చెబితే గొడవ ఇంకా పెద్దదవుతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, నిజానికి ఆ తిట్లు నాకు తగలనందుకు లోలోపల తేలికపడ్డాను. ఇది ఒప్పుకోవడమే ఎక్కువ కష్టం.

మా ఆయన ఊరంతా చెప్పారు. కార్లు రావడం తగ్గింది. తమ్ముడు షెడ్డు మూసేసి, సాలూరులో లారీలకు సరుకెత్తే పనిలో చేరాడు. తన సబ్బే పాడుచేసిందని ఇప్పటికీ నమ్ముతున్నాడు.

మొన్న ఇంటికొచ్చాడు. మా అమ్మాయి తన కారు చక్రాలు రుద్దుతూ, "మావా, ఈ నలుపు ఎలా పోతాది?" అని అడిగింది. వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నన్నడక్కమ్మా. నా సెయ్యి మంచిది కాదు."

అప్పుడైనా చెప్పాల్సింది. మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్లిపోయాను. వెళ్లేటప్పుడు వాడు ఈ అక్కతో ఎప్పటిలాగే "వస్తానప్పా" అన్నాడు.

యాసిడ్ పోసింది నేను. వాడి సబ్బులో ఏ దోషమూ లేదు. వాడి ఎదుట అనవలసిన మాటలు మీ ఎదుట అన్నాను. క్షమించమని అడగను, మీరు క్షమించగలిగేది కాదు.