మనోడే అనుకుని ఎక్కిన కారు

కువైట్‌లో మా వాళ్ళకు ఒక అలవాటు ఉంది. ఎవరైనా ఎక్కడికైనా బయలుదేరితే, అక్కడికి ఎన్నడూ పోనివాళ్ళందరూ కూర్చోబెట్టి జాగ్రత్తలు చెబుతారు. నేను పనిచేసే ఇంటి యజమానురాలిని మామా అంటాం. ఆ మామా, ఇంటిల్లిపాదీ ఓడెక్కి కరీబియన్ దీవులు చూడబోతున్నామని, వాళ్ళమ్మను చూసుకోవడానికి నేనూ రావాలని చెప్పిన వారమే నాకు ఆ యోగం పట్టింది. శుక్రవారం సెలవు పూట సాల్మియాలో మా కోనసీమ చెల్లెలి గదిలో రొయ్యల వేపుడు చుట్టూ చేరాం. సొంత చెల్లెలు కాదు. తను బ్యూటీ పార్లర్‌లో చేస్తుంది, నేను రైల్వేకోడూరు వైపు మనిషిని. ఒకరి మాట ఒకరం వెక్కిరించుకుంటూ స్నేహితులమయ్యాం. ఆ గదిలో సముద్రం మీద ఓడెక్కినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా సలహాలకు కొదవ లేదు.

"అక్కా, మెళ్ళో గొలుసు తీసేసి వెళ్ళండి. ఆ దీవుల్లో దొంగలెక్కువంటండి," అంది కోనసీమ చెల్లెలు.

"తీసి యాడ పెట్టల్ల మే? నీ కాడనా?"

"నా దగ్గరైతే మరీ క్షేమం అండి బాబూ."

కోసి ఇచ్చిన కొబ్బరిబొండం తాగవద్దని, అందులో మత్తుమందు కలుపుతారని ఇంకొకామె అంది. అంతే, మా చెల్లెలికి రోషం వచ్చింది. కొబ్బరిబొండం సంగతి కోనసీమ వాళ్ళ ముందు మాట్లాడేంత మొనగాళ్ళు ఎవరండీ అని లేచింది. ఆ గొడవ సద్దుమణిగేసరికి రొయ్యలు అయిపోయాయి. నా భద్రత సంగతి అందరూ మరిచిపోయారు.

నాకూ పెద్ద దిగులు లేదు. నా దగ్గర ఒక సూత్రం ఉంది మరి. కువైట్‌కు వచ్చిన కొత్తలో, కారు బాగుచేయించడానికి అల్ రాయ్‌కి పోతూ మామా నన్నూ తీసుకుపోయింది. నీళ్ళ సీసా కొనడానికి నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగితే, ఏ షెడ్డులోంచి వచ్చానో తెలియలేదు. అన్ని షెడ్లూ ఒకటే రకం, అన్ని కార్లూ తెల్లగానే ఉన్నాయి. ఏడుపు మొహంతో నిలబడితే, చేతుల నిండా గ్రీజుతో ఒకాయన నన్ను చూసి, "ఏ ఊరుమ్మా మనది?" అన్నాడు. రాజంపేట మనిషి. చేయి పట్టుకోకుండానే చేయి పట్టుకున్నట్టు తీసుకుపోయి మామా ముందు నిలబెట్టాడు. అప్పటినుంచి మా అందరికీ ఉన్న సూత్రమే నాకూ పట్టుబడింది: దారి తప్పితే పోలీసును వెతకొద్దు, మన మొహాన్ని వెతకాలి. మలయాళీ అయినా బంగ్లాదేశీ అయినా సరే, నాలుగు హిందీ ముక్కలు చాలు. ఆ సూత్రం నన్ను ఎన్నడూ మోసం చేయలేదు. కువైట్‌లో.

ఓడ సంగతి ఏమని చెప్పను. ఏడంతస్తుల ఇంటికి మోటారు బిగించి నీళ్ళలో వదిలారు. నా పనేమో పెద్ద మామా చక్రాల కుర్చీ తొయ్యడం. పెద్ద మామా అంటే మామా వాళ్ళమ్మ. మోకాళ్ళు పనిచేయవు, నోరు మాత్రం ఇద్దరికి సరిపడా పనిచేస్తుంది. ఆమెకు షుగరు బిళ్ళలు వేసి, ఆమె తిట్లు తిని, ఆమెతో కలిసి టీవీ చూసేదాన్ని. ఓడ టీవీలో ఒక పిల్ల రోజూ నవ్వుతూ భయపెట్టేది. పాస్‌పోర్టులు గదిలోని ఇనప్పెట్టెలో భద్రంగా పెట్టండి, ఓడ కార్డు ఒక్కటే వెంట తీసుకుపోండి, రేవు గేటు దగ్గరున్న టాక్సీలే ఎక్కండి, వేళకు తిరిగి రండి, ఓడ ఎవరికోసమూ ఆగదు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు మరీ అందంగా నవ్వేది.

పాస్‌పోర్టులన్నీ మామా గదిలోని ఇనప్పెట్టెలో పడ్డాయి. నా పాస్‌పోర్టుకు అదేం కొత్త కాదు. కువైట్‌లోనూ అది మామా బీరువాలోనే కాపురం ఉంటుంది. నేను వచ్చిన రోజు లోపలికి పోయింది, మళ్ళీ సెలవుకు ఊరికి పోయే రోజే వెలుతురు చూస్తుంది. పోగొట్టుకుంటావని భద్రంగా పెట్టానంటుంది మామా. నిజమే, బీరువాలో ఉన్నది పోదు. ఇంట్లో ఉన్న నేనూ పోను.

ట్రినిడాడ్ రేవులో ఓడ ఆగిన రోజు మామా, ఆమె భర్త బాబా, పిల్లలు సముద్రపు ఒడ్డుకు ఈతకు పోయారు. "మీరిద్దరూ ఓడ దిగొద్దు," అని మామా నా వైపు వేలు చూపించి మరీ చెప్పింది. వాళ్ళు కనుమరుగయ్యారో లేదో, పెద్ద మామా శాలువా సర్దుకుంది.

"యల్లా, చేపల బజారుకు పోదాం."

"మామా వద్దన్నారు."

"ఆమెకు నేను అమ్మనా, నాకు ఆమె అమ్మనా? ఈ ఓడలో చేప చచ్చి ఎన్నాళ్ళయిందో ఆ వంటవాడికే తెలియదు. బతికిన చేప మొహం చూసి చావాలని ఉంది నాకు. తొయ్యి."

కూతురు మాట వింటే తల్లికి కోపం, తల్లి మాట వింటే కూతురికి కోపం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎటూ పడక తప్పనప్పుడు చూడని ఊళ్ళో పడటమే మేలనిపించింది. తోశాను.

గేటు టాక్సీ ఎక్కి బజారుకు పోయాం. చేపల బజారులో పెద్ద మామా పండగ చేసుకుంది. మొప్పలు ఎత్తి చూసింది, తోకలు నొక్కింది, కొనని చేపకు అరబ్బీలో బేరమాడింది, ఇవ్వనన్నవాడిని శపించింది. అక్కడినుంచి బయటపడే తొందరలో నేను కుర్చీని ఒక గుంతలోకి దించాను. ముందు చక్రం ఊడి దొర్లుకుంటూ పోయింది. వచ్చిన టాక్సీవాడు ఎప్పుడో వెళ్ళిపోయాడు. ఎండ మాడుస్తోంది. దూరంగా ఓడ కూత పెట్టింది. అది మా ఓడదేనో కాదో నాకు తెలియదు. ఓడ పోతే పెద్ద మామాను తీసుకుపోవడానికి విమానాలే దిగుతాయి. నాకు? చేతిలో ఉన్నది ఓడ కార్డనే ప్లాస్టిక్ ముక్క. నేనెవరో చెప్పే పుస్తకం ఓడతోపాటే పోతుంది.

అప్పుడు నా సూత్రం గుర్తొచ్చింది. చుట్టూ చూశాను. రోడ్డు పక్కన కారుకు ఆనుకుని, అచ్చం మా మేనమామ! అదే నలుపు, అదే మీసం, అదే బొజ్జ. కారు అద్దం ముందు చిన్న ఆంజనేయుడు. ఇక సాక్ష్యం ఏం కావాలి?

"భాయ్ సాబ్, షిప్ తక్ ఛోడ్ దేంగే క్యా?" అని ఓడ దాకా దింపమని అడిగాను.

అతను నోరు తెరిచాడు. హిందీ ఒక్క ముక్క రాదు! ఇంగ్లీషు కూడా పాటలాగా సాగదీసి మాట్లాడాడు. అందులో నాకు అర్థమైంది "ఇండియా?" ఒక్కటే. ఇండియా, ఇండియా, ఆంధ్రా అని తలూపాను. అతని మొహం వెలిగిపోయింది. పెద్ద మామాను ఎత్తి కారులో కూర్చోబెట్టి, కుర్చీని వెనక పడేసి, చక్రం కూడా ఏరుకొచ్చి బండి తీశాడు.

సముద్రం ముందుకు రావాల్సింది పోయి వెనక్కి పోతోంది. గేటు టాక్సీ తప్ప ఎక్కొద్దన్న టీవీ పిల్ల నవ్వు కళ్ళముందు కనబడింది. భయమేస్తే నాకు వేరే భాష రాదు.

"రేయ్! యాడికి తీసకపోతాండావురా మమ్మల్ని? నిలపరా బండి! నీ మూతి పగలగొడతా!"

అతను సంతోషంగా నవ్వి, పాట పెట్టాడు. నేను గొలుసును జాకెట్టులోకి తోసుకుని పెద్ద మామా వైపు తిరిగి, వీడు మనల్ని ఎత్తుకుపోతున్నాడని అరబ్బీలో ఏడ్చాను.

"నన్నా?" అంది ఆమె తాపీగా. "నన్ను ఇంట్లో మంచం మీదనుంచి ఎత్తడానికే ఇద్దరు కావాలి. దొంగకు ఇంతకంటే తేలికైన సరుకు దొరకలేదా? గమ్మున కూర్చో."

కారు ఒక ఇంటి ముందు ఆగింది. ముంగిట్లో వెదురు గెడలకు ఎర్ర జెండాలు కట్టి ఉన్నాయి. వరండాలో గౌను వేసుకుని, తలమీద ఓణీ కప్పుకుని ఒక ముసలామె. అతని తల్లి. ఇండియా మనిషి ఎవరు కనబడినా ఇంటికి తీసుకురమ్మని కొడుక్కి ఎప్పటినుంచో చెప్పి పెట్టిందట. వాడు తల్లి మాట నిలబెట్టాడు, నా ప్రాణం తోడేశాడు. మమ్మల్ని కూర్చోబెట్టి, స్పానర్ తెచ్చుకుని, చక్రం బిగించే పనిలో పడ్డాడు.

ఆ ముసలామె మాకు పప్పు కూరిన రొట్టె పెట్టింది. బెల్లం వేయడం మరిచిపోయిన ఓళిగలాగుంది గానీ బాగుంది. పెద్ద మామా రెండు తినింది. ఇంటామె నా గాజులు తిప్పి చూసింది, ముక్కుపుల్ల చూసింది. నాకు అర్థం కావాలని ఇంగ్లీషు మెల్లగా, ముక్కముక్కగా మాట్లాడింది. వాళ్ళ ముత్తవ్వ మద్రాసులో ఓడెక్కి ఈ రేవులోనే దిగిందట, చెరకు కొట్టడానికి. కొంతకాలం చేసి పోతాననే వచ్చిందట. ఆమె కాగితాలు తోట దొర పెట్టెలో ఉండేవట, పోకుండా భద్రంగా.

"నువ్వెప్పుడు పోతావు ఇంటికి?" అని అడిగింది.

మా కువైట్‌లో ఈ ప్రశ్నకు అందరం ఒకటే జవాబు చెబుతాం. పదేళ్ళ కింద వచ్చినామె చెబుతుంది, పోయిన నెల వచ్చినామె కూడా చెబుతుంది. నా నోటికీ అదే వచ్చింది. "ఇంకో రెండేళ్ళు."

ఇంటామె పళ్ళులేని నోటితో గట్టిగా నవ్వింది. "మా ముత్తవ్వా చచ్చేదాకా అదే చెప్పిందట," అంది.

నాకు నవ్వు రాలేదు. కూతురు ఫోన్‌లోనే పెరిగి నా కంటే పొడుగైంది. మొగుడు మామిడిచెట్లకు నీళ్ళు పెడుతూ, ఈ కాపుకు వస్తావా అని అడగడం కూడా మానేశాడు. ఇదంతా నేను ఎక్కడో సముద్రాల అవతల, ముక్కూమొహం తెలియని వాళ్ళ వరండాలో కూర్చుని తెలుసుకోవాలా? నామీద నాకే ఒళ్ళు మండింది.

ఏమంటోంది అని పెద్ద మామా నన్ను పొడిచింది. అంతా అరబ్బీలో చెప్పాను. ఆమె నములుతున్న నోరు ఆపింది.

"నీ పాస్‌పోర్టు ఎక్కడుంది?"

"మీ అమ్మాయి ఇనప్పెట్టెలో."

"ఓడ పోతే?"

"మీరు విమానంలో పోతారు. నేను ఈ ఇంట్లో జెండాలు ఉతుక్కుంటూ ఉంటాను."

పెద్ద మామా రొట్టె పక్కన పెట్టి, "యల్లా, యల్లా," అని కుర్చీ చేతులు బాదడం మొదలుపెట్టింది. నేను లేచి ఆ కొడుకు ముందు నిలబడి రెండు చేతులూ జోడించి "షిప్, షిప్" అన్నాను. అతను ఈసారి నిజంగా ఓడ దగ్గరికే తోలాడు. డబ్బు ఇవ్వబోతే నొచ్చుకున్నాడు. అంతసేపు అతన్ని తిట్టిన తిట్లు ఒక్కటీ అర్థం కానందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

ఓడ మెట్లదారి ఇంకా తీయలేదు. దాని మొదట్లో మామా మొహం కందగడ్డ చేసుకుని నిలబడి ఉంది. "కువైట్‌లో దిగగానే నిన్ను ఇంటికి పంపిస్తా! ఖలాస్!" అని అరిచింది. ఇంటికి పంపిస్తానంటే భయపడే జాతి మాది.

"నేనే తీసుకుపొమ్మన్నాను," అంది పెద్ద మామా. "నిన్ను కనడానికి నీ అనుమతి అడిగానా? చేపలు చూడటానికి అడగాలా?"

ఆ తిట్లూ శాపాలూ కువైట్ విమానాశ్రయం దాకా సాగాయి. అక్కడ అధికారి ముద్ర వేసి నా పాస్‌పోర్టు నా చేతికిచ్చాడు. ఎప్పటిలాగే మామా, నా వైపు చూడకుండానే, వెనక్కి చేయి చాపింది. ఎప్పటిలాగే నా చేయి ముందుకు పోయింది. సగం దారిలో ఆగింది. ఎందుకు ఆగిందో చెప్పేంత అరబ్బీ నాకు రాదు.

"ఇది నా దగ్గరే ఉండనీ, మామా," అన్నాను.

"పోగొట్టుకుంటావు."

"పోగొట్టుకుంటే నాదే కదా పోయేది."

మామా తిరిగి చూసింది. కుర్చీలోంచి పెద్ద మామా, "దాని పుస్తకం దానికి ఉండనీ. కుర్చీ తొయ్యనీ, నాకు ఆకలేస్తోంది," అంది. చాపిన చేయి వెనక్కి పోయింది.

శుక్రవారం సాల్మియాలో మళ్ళీ అందరం చేరాం. దొంగల సంగతి, కొబ్బరిబొండాల సంగతి అడిగారు. చెప్పాను. నవ్వీ నవ్వీ మా కోనసీమ చెల్లెలికి పొలమారింది. నీళ్ళు తాగి, మాటవరసకు అడిగింది.

"ఇంతకీ అక్కా, మీరు ఇంటికెప్పుడెళ్తారండి?"

నాలుక చివరికి రెండేళ్ళు వచ్చి నిలబడ్డాయి. మింగేశాను. జాకెట్టులోంచి పాస్‌పోర్టు తీసి రొయ్యల పళ్ళెం పక్కన పెట్టాను. చెమటకు అట్ట మెత్తబడి ఉంది.

"మామిడికాయలప్పటికి పోతాండా మే," అన్నాను.

మా చెల్లెలు చేయి తుడుచుకుని పాస్‌పోర్టును అటూ ఇటూ తిప్పి చూసింది. తనది ఎవరి బీరువాలో ఉందో నేను అడగలేదు, తనూ చెప్పలేదు.