అవసరం లేదన్నారు

నాలుగక్షరాల మాట ఒకటి నా పరువును రెండుసార్లు మెత్తగా రుబ్బింది. చెబుతాను, నవ్వుకోండి. మా వీధిలో నవ్వనివాళ్లు ఇక ఎవరూ మిగల్లేదు.

దేశంలోని కోటీశ్వరుల మీద టీవీలో వారానికొక కథ వేసేవారు. ఒక వారం గ్రైండర్ల పెద్దమనిషి వచ్చాడు. ఈ అరవదేశంలో మా చూలై పేటలోనే వ్యాపారం మొదలుపెట్టినవాడు. మొదటి గ్రైండరు తానొక్కడే చేశానన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రాయి మలిచింది పోయిన మా అన్న మునెయ్య కదా! పక్కనే వదిన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "ఆయన పేరు ఒక్కతూరి చెప్పుంటే ఏం పొయ్యేది నాయినా" అంది.

అప్పటికి నాకు డెబ్బయ్యే, ఉడుకు రక్తం. టీవీవాళ్లను పీడించి పీడించి రప్పించాను. హైదరాబాదు నుంచి డైరెక్టరమ్మాయి మా లేతు షాపుకొచ్చి కెమెరా పెట్టింది.

"ఆ గ్రైండర్ల ఆయన ఎలాంటివారు తాతగారూ?"

"వాడికెప్పుడూ అవసరమేనమ్మా. ఆ అవసరంలో తిండి గూడా తినడు. మా అన్న మునెయ్యే వాణ్ణి ఆపి రాయి సరిచేసినాడు."

అమ్మాయి కళ్లు చెమర్చాయి. మా అన్న కోసమే అనుకున్నాను.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదే, ఊళ్లే రెండు. ఈడ అరవం కలిసిన మా తెలుగులో అవసరమంటే తొందర. ఆమెకేమో లేమి, గతిలేనితనం. మరుసటి వారం టీవీలో ఏడుపు వయొలిన్, నా ముఖం, "తిండి గూడా తినడు" అనే మాట. అంతే, కత్తిరింపులో అన్న ఎగిరిపోయాడు. తండ్రి కారులో బడికెళ్లినవాడికి దేశమంతా కన్నీరు కార్చింది.

"మీయన్న పేరు చెప్పిరమ్మంటే వానికి గంజి పోసొచ్చినావే" అంది వదిన.

ఫోన్ చేసి ఆ అమ్మాయికి మాట అర్థం విప్పి చెప్పాను. పాపం, ఎంతో నొచ్చుకుంది. వారం తర్వాత తనే ఫోన్ చేసింది.

"మళ్లీ ఎప్పుడు తీస్తావమ్మా?"

"ఇంక అవసరం లేదు తాతగారూ. ఆదివారం చూడండి."

తొందరేమీ లేదు, ఆదివారం మాకోసం చూడమంటోంది అనుకున్నాను. ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పెళ్లివారి కోసం చూసే ఆడపిల్ల తండ్రిలా వాకిట్లో కూర్చున్నాను. లోపలి నుంచి వదిన పిలుస్తోంది.

"ఉండు వదినా, వాళ్లొచ్చే వేళ."

మళ్లీ పిలిచింది. ఈసారి గొంతు తేడాగా ఉంటే లోపలికి పరుగెత్తాను. టీవీలో సబ్బు ప్రకటన. వదిన చేతిలో తడిసిన కళ్లద్దాలు.

"ఆ అమ్మాయి పొయ్యి అడిగితే మునెయ్య అని చెప్పినాడు నాయినా, ఆ పెద్దమనిషే. మొదటి రాయి ఆయనదే, మరిచిపోవడం నా తప్పు అని దండం గూడా పెట్టినాడు. నువ్వు ఎవరికోసరం ఆడ కూచోనుండావు?"

లేతు మిషను మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట అవసరం ఉన్నా సరే, అవసరంలో ఉన్నా సరే, అవసరం అనే మాట ఎత్తను.