చేతులు విడవని పిల్లలు

సిరోంచ దగ్గర మిషన్ బడిలో నేను మూడో తరగతి టీచర్‌ని. కిందటేడు బడి పండుగకు పిల్లలకు గోండు ఆట నేర్పడానికి కమలాపూర్ వైపు నుంచి లచ్చవ్వ అనే గోండు పెద్దావిడ వచ్చి నెలరోజులు ఉంది.

పండుగనాడు పిల్లలు చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడుతుంటే, వాళ్ల నడుమ నాగుపాము పడగెత్తింది. కేక వేయబోయాను. పాట చెబుతున్న లచ్చవ్వ నా చెయ్యి గట్టిగా నొక్కింది.

"ఒర్లకు బిడ్డా, పోరగాండ్లు బెదురుతరు."

వెంటనే అదే రాగంలో, "చేతులు ఇడవకుండ్రి, ఎన్కకు నడువుండ్రి" అని పాడింది. పిల్లలు ఎదురుగా పాము కనిపిస్తున్నా చేతులు వదలకుండా ఒక్కో అడుగూ వెనక్కి వేశారు. ఆమె మెల్లగా వెళ్లి బడి కంచె వైపున ఇద్దరి చేతులు విడదీసింది. ఆ సందులోంచి పాము కంచె దాటిపోయింది.

దూరంగా కూర్చున్న తల్లిదండ్రులు ఏమీ తెలియక చప్పట్లు కొట్టారు. నేను పరుగున వెళ్లి పిల్లల్ని ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకున్నాను.

నెలరోజుల్లో ఆమె మాటపై పిల్లలకు అంత గురి ఎలా కుదిరిందో, టీచర్‌గా ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.