గుండె చాటు మచ్చ

ఆసుపత్రిలో ఆవిడను అందరూ బిగబట్టక్క అనేవారు. పంతొమ్మిదేళ్లుగా ఎక్స్‌రే గదిలో రోజుకు డెబ్బై మందికి "గాలి పీల్చండి, బిగబట్టండి, ఇక వదలండి" అని చెప్పీ చెప్పీ ఆ మాటే పేరైపోయింది. చీకటి గదిలో ఫిల్ములు కడిగిన రోజుల నుంచీ ఆవిడది అదే పని. కంప్యూటరు వచ్చాక తేలికైంది. వెలుగూ కాంట్రాస్టూ యంత్రమే సరిచేస్తుంది. ఆవిడ ఓసారి చూసి డాక్టరుకు పంపేస్తుంది. బయట వరస ఎప్పుడూ చాంతాడంత.

ఆ సోమవారం వరసలో ఆవిడ తమ్ముడు నిలబడ్డాడు. వెల్డింగు పనివాడు. మూడు నెలలుగా దగ్గు, మనిషి సగమయ్యాడు. తీసిన ఎక్స్‌రేలో ఎడమ ఊపిరితిత్తి అడుగున నిమ్మకాయంత తెల్లటి ముద్ద.

కిందటేడాది వాడికి ఎక్స్‌రే తీసిందీ తనే, "ఏమీ లేదురా, పొగ దగ్గు" అని పంపేసిందీ తనే. ఆ పాతది తెరిచింది. శుభ్రంగానే కనిపించింది. వెలుగు తగ్గిస్తూ, కాంట్రాస్టు పెంచుతూ పోయింది. తెల్లగా నిండిన గుండె నీడ మెల్లగా బూడిదరంగుకు దిగింది. దాని చాటున శనగగింజంత మచ్చ.

మూసేస్తే ఎవరికీ తెలియదు. చేయి మౌసు మీదే ఉండిపోయింది. కాసేపటికి లేచి వెళ్లి డాక్టరును పిలుచుకొచ్చింది.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రిపోర్టు మీద సంతకం నాదమ్మా," అన్నాడు.

తమ్ముడికీ, మరదలికీ తనే చెప్పింది. "పోయినేడే ఉందిరా. నేను చూసుకోలేదు."

"చిన్నప్పుడు దాగుడుమూతల్లో నన్నే పట్టుకోలేకపోయేదానివి, దాన్నేం పట్టుకుంటావక్కా!" నవ్వబోయాడు. దగ్గు తెర ముంచుకొచ్చింది.

మరదలు నవ్వలేదు. ఆ పూట నుంచి ఆవిడతో మాట్లాడటం మానేసింది.

ఎనిమిది నెలలకు తమ్ముడు పోయాడు.

ఇప్పుడు ఆవిడ ఏ ఛాతీ ఎక్స్‌రేనీ యంత్రం చూపించినట్టు వదలదు. వెలుగు తగ్గించి, గుండె వెనక వెతికి గానీ పంపదు. వరస కదలదు. "ఫొటో తీస్తున్నావా, బొమ్మ గీస్తున్నావా?" అని ఓ ముసలాయన కసిరాడు కూడా. ఆవిడ వెలుగు ఇంకాస్త తగ్గించింది.

ఏడాది మొత్తం మీద అలాంటి మచ్చ ఒక్కటే దొరికింది, ఓ పంతులమ్మకు. చిన్నగా ఉండగానే ఆపరేషను చేసి తీసేశారు. ఆ మాట ఎవరితో చెప్పుకోవాలో తోచక మరదలికి ఫోను చేసింది.

"ఆవిడ అదృష్టవంతురాలు వదినా," అని మరదలు ఫోను పెట్టేసింది.